తెర దించే మాట

ఆమెను నాట్య బృందంలో అందరూ బదులమ్మ అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ దానితో ఎవరికీ పని పడలేదు. ఎవరికి జ్వరం తగిలినా, ఎవరి మడమ బెణికినా, ఎవరు అలిగి ఇంట్లో కూర్చున్నా వాళ్ళ వేషం ఆమె కట్టేది. చెలికత్తె కట్టింది, మహారాణి కట్టింది, ఒకసారి మీసాలు అంటించుకుని రాక్షసుడు కూడా కట్టింది. ఆ రోజు వచ్చిన మెప్పంతా జ్వరంతో ఇంట్లో పడుకున్న అసలు రాక్షసుడికే పోయింది.

"నీకేం తక్కువే, అన్ని వేషాలూ నీవేగా," అనేవాడు ఆమె భర్త.

"అవునవును. అద్దెకు తిరిగేవాళ్ళకి అన్ని ఇళ్ళూ సొంతమే," అనేది ఆమె.

భర్త ఆ బృందానికి గొంతు. వేదిక పక్కన చాప మీద కూర్చుని పాడతాడు, పాడుతూ చేతిలో కంచు తాళాలు మోగిస్తాడు. అందుకని ఆయన తాళాలాయన. ఆ పని చేసేవాడి కళ్ళు ఎప్పుడూ ఆడేవాళ్ళ పాదాల మీదే ఉండాలి. పాదం నేలకు తగిలిన క్షణానే తాళానికి తాళం తగలాలి. పాదాన్ని చూసి తాళం పడుతుందో, తాళం విని పాదం పడుతుందో ఎవరూ చెప్పలేరు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన చూపు తన పాదాల మీదే ఉందని బదులమ్మకు ఒక ధీమా. ఇంట్లో ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. కూరలో ఉప్పు చాలకపోతే ఆయన నోటితో చెప్పడు, పళ్ళెం అంచు మీద వేలితో టంగుమనిపిస్తాడు. ఆమె ఉప్పు డబ్బా జరుపుతుంది. కాపురం అలాగే సాగిపోతోంది.

ఆ ఏడు మేష్టారు సూర్యుడి కథను నృత్యనాటకంగా ఎత్తుకున్నారు. బృందం మేష్టారిది. నేర్పేదీ ఆయనే, వేషాలు పంచేదీ ఆయనే, సాధన చేసే హాలు తాళంచెవి ఉండేదీ ఆయన జేబులోనే. సూర్యుడి భార్య సంజ్ఞ వేషం ఆయన కోడలికి ఇచ్చారు. అందులో ఎవరికీ అనుమానం లేదు, అడిగినవాళ్ళూ లేరు.

"ఛాయ ముక్క చిన్నదే. అది నువ్వు చూసుకో అమ్మాయ్," అన్నారు బదులమ్మతో, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ.

చెప్పులు తొడుక్కునేలోపు ఆయన ఆ సంగతి మర్చిపోయారు. ఆమె మర్చిపోలేదు. ఎవరికీ బదులు కాకుండా తన చేతికి వచ్చిన మొదటి వేషం అది.

కథ ఏమిటంటే, సంజ్ఞ మొగుడి వేడిని తట్టుకోలేకపోయింది. వెళ్ళిపోదామంటే పిల్లలున్నారు, మొగుడు ఊరుకోడు. అందుకని తన నీడను లేపి నిలబెట్టి ప్రాణం పోసింది. ఆ నీడే ఛాయ. 'నువ్వు నేనై ఇక్కడ ఉండు, నా పిల్లల్ని చూసుకో, నువ్వెవరో ఎవరికీ చెప్పకు' అంది. 'నా జుట్టు పట్టుకుని నిలదీసే దాకా చెప్పను' అని ఛాయ మాటిచ్చింది. ఆ మాట మీదే నిలబడింది. ఎవరి మొగుడికో వండి పెట్టింది, ఎవరి పిల్లలకో తల దువ్వింది. తనకూ పిల్లలు పుట్టాక గుట్టు బయటపడింది. సూర్యుడు జుట్టు పట్టుకున్నాడు. చెప్పేసింది. ఆయన అసలు భార్యను వెతుక్కుంటూ పరుగెత్తాడు, బతిమాలి తెచ్చుకున్నాడు. కథ సుఖంగా ముగిసింది.

"మరి ఛాయ ఏమైంది మేష్టారూ?" అని అడిగింది బదులమ్మ.

"ఏమవుతుంది? నీడేగా," అన్నారు మేష్టారు.

ఆ జవాబు ఆమెకు మింగుడు పడలేదు. నీడే అయితే అన్నం వండిందెవరు?

ఈ నాట్యంలో ఒక పద్ధతి ఉంది. పెద్ద పాత్ర వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటారు. పాత్ర తెర వెనక నిలబడుతుంది. పక్కనుంచి పాట అందుకుంటారు: నేను ఫలానాదాన్ని, ఇలాంటిదాన్ని, ఇందుకు వచ్చాను అని. దాన్ని ప్రవేశ దరువు అంటారు. పాటలో ఒక మాట దగ్గర తెర కిందికి దిగుతుంది, ముఖం కనబడుతుంది. అప్పటికి గానీ పాత్ర పుట్టినట్టు కాదు. దరువు లేనివాళ్ళు పక్కనుంచి వచ్చి పక్కకే పోతారు, కుర్చీలు సర్దడానికి వచ్చినవాళ్ళలాగా. బదులమ్మ తెర వెనక చాలాసార్లే నిలబడింది. కానీ ప్రతిసారీ ఇంకొకరి కోసమే.

"ఛాయకో దరువు కట్టుకుంటాను," అంది మేష్టారుతో.

"కట్టుకో. కట్టేవాడు ఇంట్లోనే ఉన్నాడుగా," అని నవ్వారాయన.

వంటిల్లే వాళ్ళ సాధన గది. పొద్దున్నే పొయ్యి మీద బియ్యం పడేసి ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకునేది. ఆయన ఒక గిన్నె బోర్లించుకుని గరిటెతో తాళం వేసేవాడు. పై వాటాలో ఉన్న పెద్దాయన చప్పుడు భరించలేక నేల మీద చేతికర్రతో పొడిచేవాడు.

"చూడవే, ఆయన కూడా తాళంలోనే పొడుస్తున్నాడు. బృందంలో చేర్చుకుందామా?" అనేవాడు భర్త.

ఆయన మొదట అందరి దరువుల్లాగే కట్టాడు. ఛాయను నేను, చల్లని దాన్ని నేను అంటూ. ఆమెకు నచ్చలేదు.

"అందరూ నేను ఫలానా అంటూ వస్తారండీ. ఇది నేను ఫలానా కాదు అంటూ రావాలి."

"కాను అంటూ వచ్చిన పాత్రను ఎక్కడైనా చూశావా?"

"చూడలేదు. అందుకే రావాలి."

ఆయన గరిటె కింద పెట్టాడు. కిటికీలోంచి ఎదురింటి గోడను చాలాసేపు చూశాడు. తర్వాత, పై వాటాకు వినపడనంత మెల్లగా పాడాడు.

వెలుగింటి గడపలో నిలిచితిని నేను
సంజ్ఞను కాను, ఛాయను నేను

ఆమె తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. "మళ్ళీ పాడండి," అంది. ఆయన మళ్ళీ పాడాడు. పొయ్యి మీద అన్నం అడుగంటింది. ఆ పూట ఇద్దరూ ఆ మాడు అన్నాన్నే కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు. అన్ని కబుర్లు చెప్పుకున్న రోజు ఆ ఇంట్లో మరొకటి లేదు.

మిగతాది ఆమె ఊహే. తెల్లటి తెర వెనక, తనకు వెనకగా పెద్ద దీపం పెట్టాలి. ముందు జనానికి నీడ మాత్రమే కనబడాలి. నీడే చెయ్యి ఎత్తాలి, నీడే పిల్లల తల దువ్వాలి. పాట తిరిగి తిరిగి 'కాను' అన్న మాట దగ్గరికి రాగానే తెర దిగాలి. నీడకు ముఖం రావాలి.

తెర పట్టుకునేది బృందంలో బట్టలు కుట్టే దర్జీ, చెక్కపని చేసే వడ్రంగి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు, తెర దగ్గర మాత్రం ఒక్క మనిషిలా ఉంటారు. సాధనలో బదులమ్మ వాళ్ళకు కథంతా చెప్పబోయింది.

"కథతో మాకేం పని చెల్లెమ్మా? మాట చెప్పు చాలు," అన్నాడు దర్జీ.

"కాను అనగానే దించాలన్నయ్యా."

"కాను. అంతేగా. ఈయనగారికి చెవుడు, నేను మోచేత్తో పొడుస్తాలే."

"చెవుడు నీకు, నీ మిషనుకి," అన్నాడు వడ్రంగి.

ఒకరోజు మేష్టారు వచ్చి ఆ ముక్కంతా చూశారు. గడ్డం నిమురుకున్నారు. "నీడ బాగుంది," అన్నారు చివరికి. తాళాలాయన భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చాక ఆమె అడిగింది ఏమన్నారని.

"ఏం లేదు. శ్రుతి కాస్త దించమన్నారు."

ఇంట్లో సాధన ఎప్పటిలాగే నడిచింది. ఆయన గరిటెతో తాళం వేస్తూ 'కాను' అని పాడేవాడు. ఆమె ఆ మాట మీద తల పైకెత్తేది. ఆ ఎత్తడంలో ఎంత ఎత్తాలో, కళ్ళు ముందు లేవాలా గడ్డం ముందు లేవాలా అని కూరగాయలు తరుగుతూ కూడా ఆలోచించేది.

ఆట మధ్యాహ్నం పూట పెట్టారు. ముస్తాబు గదిలో మేష్టారి కోడలు ఆమె పక్కనే కూర్చుని కళ్ళకు కాటుక దిద్దుకుంటోంది. ఇద్దరిదీ ఒకే రంగు చీర, ఒకే నగ, ఒకే పూలజడ. అద్దంలో చూస్తే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమే.

"అక్కా, నన్నేం అనుకోవద్దు," అంది కోడలు ఉన్నట్టుండి.

"దేనికే?"

"అదే... ఇవాళ్టి దానికి."

అచ్చం ఒకేలా ముస్తాబైనందుకు అంటోంది కాబోలు అనుకుంది బదులమ్మ. "పిచ్చిదానా, నీకంటే నాకే బాగా కుదిరిందిలే," అని ఆమె జడ సర్దింది.

ఆట మొదలైంది. సూర్యుడు వచ్చాడు, మెప్పించాడు. సంజ్ఞ వచ్చింది. వేడికి కమిలింది, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుంది, నీడను తలుచుకుంది. దర్జీ, వడ్రంగీ తెర పట్టుకుని వచ్చారు. బదులమ్మ దాని వెనక నిలబడింది. వీపు మీద దీపం వేడి తగిలింది. తెర మీద తన నీడ పడగానే అవతల జనంలోంచి 'ఆహా' అన్న మాట ఒకటి లేచింది.

అక్కడ సంజ్ఞ వెళ్ళిపోవాలి. కానీ కోడలి గజ్జెలు తెరకు అవతల ఇంకా మోగుతూనే ఉన్నాయి. దారి తప్పిందేమో, పోతుందిలే అనుకుంది బదులమ్మ.

తాళాలాయన దరువు అందుకున్నాడు.

వెలుగింటి గడపలో నిలిచితిని నేను
సంజ్ఞను నేను, ఛాయను నేను

ఆమె తల సగం పైకి లేచి ఆగింది. తెర కదలలేదు. మాట తప్పాడు పాపం అనుకుంది. ఎన్నడూ తప్పనివాడు కదా, కంగారు పడి ఉంటాడు. తల దించి నీడ చేత పిల్లల తల దువ్వించింది, ఎవరికీ తెలియకుండా పాట తిరిగి వచ్చేదాకా నెట్టుకొచ్చింది. పాట తిరిగి వచ్చింది.

సంజ్ఞను నేను, ఛాయను నేను

'కాను' కొలత 'నేను' కొలత ఒక్కటే. తాళం వెంట్రుకవాసి కూడా చెడలేదు. అవతల కోడలి గజ్జెలు ఆ మాటల మీదే సరిగ్గా పడుతున్నాయి. సంజ్ఞ అన్నప్పుడు ఒక అడుగు, ఛాయ అన్నప్పుడు ఒక అడుగు. దారి తప్పిన మనిషి అడుగులు కావవి. సాధన చేసిన అడుగులు.

తెర అంచు పక్కనుంచి చాప కనబడుతుంది. బదులమ్మ అటు చూసింది. భర్త కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

ఆమె ఆయన్ని అంత కాలంలో కళ్ళు మూసుకుని పాడగా చూడలేదు. పాదాలు చూడకుండా ఆ పని ఎవడూ చెయ్యలేడు. చూడనక్కర్లేదు అనుకుంటే తప్ప. ఈ పాదాలకు ఇవాళ తాళం వేయడం లేదు అనుకుంటే తప్ప.

అప్పుడు తెలిసింది. తెర ఇక దిగదు. జనం చూసేది మేష్టారి కోడలిని. ఆమే సంజ్ఞ, ఆమే ఛాయ. వెనక ఉన్నది ఆమె నీడ. నీడను ఆడిస్తున్నది ఎవరో లోకానికి అక్కర్లేదు. ఇదంతా చెయ్యడానికి ఎవరినీ తొయ్యలేదు, ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపలేదు. ఒక్క మాట మార్చారు. ఆ మాట మార్చగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. గొంతు కోశాడు అంటారు గానీ, గొంతుతోనే కోసినవాడిని ఆమె అప్పుడే చూసింది.

ఆమె కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. అలవాటు పడ్డ కాళ్ళు, మనసుకు ఏమైందో వాటికి పట్టదు. పాట మళ్ళీ తిరిగి వస్తోంది. ఈసారితో దరువు అయిపోతుంది. దీపం తీసేస్తారు.

సంజ్ఞను...

"కాను!" అంది బదులమ్మ.

పాడలేదు, అరవలేదు. తలుపు కొట్టినవాళ్ళకు లోపలినుంచి జవాబు చెప్పినట్టు గట్టిగా అంది. పాత్ర నోరు తెరిచి మాట్లాడడం ఈ నాట్యంలో కొత్తేమీ కాదు. దర్జీకీ వడ్రంగికీ కథతో పని లేదు. మాట పడింది, తెర దించారు.

ఎదురుగా జనం. పక్కనే కోడలు, చెయ్యి గాలిలో ఎత్తినది ఎత్తినట్టే ఉంది. ఒకేలాంటి ఇద్దరు ఆడవాళ్ళు.

బదులమ్మ తాళం కోసం భర్త వైపు చూసింది. ఎంత కోపంలోనైనా ఆట మధ్యలో చూడాల్సింది అటే. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆమె వైపు లేవు. ముందు వరసలో కూర్చున్న మేష్టారి వైపు ఉన్నాయి. ఏం చెయ్యమంటారు అన్నట్టు.

జనంలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అవి వెనక్కి పాకాయి, హాలంతా అందుకుంది. మేష్టారు అటూ ఇటూ చూసి, మెల్లగా తల ఊపారు. అప్పుడు పడింది తాళం.

ఆమె ఆడింది. ఎలా ఆడిందో చూసినవాళ్ళు చెప్పాలి. సూర్యుడు వచ్చి జడ పట్టుకుని మెడ వెనక్కి వంచే చోటు వచ్చింది. అక్కడ ఛాయ కోపంతో సూర్యుడి ముఖంలోకి చూస్తూ నిజం చెప్పాలని సాధన చేసుకుంది. ఆ రోజు సూర్యుడి ముఖంలోకి చూడలేదు. జడ ఇంకొకడి చేతిలో ఉండగా మెడ తిప్పి, చాప వైపు చూసి చెప్పింది. తాళాలాయన ఆమె పాదాలనే చూస్తున్నాడు. పాదాల పైకి ఆయన చూపు రాలేదు.

ముస్తాబు గదిలోకి రాగానే కోడలు ఏడ్చింది. "నాకు నిన్ననే నేర్పారక్కా. నీకు తెలుసనే చెప్పారు. ఒప్పుకున్నావనే చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

కోడలు గజ్జెలు తీసుకుని బయటికి పోయింది. తలుపు దగ్గర తాళాలాయన నిలబడి ఉన్నాడు.

"నీకు మంచే జరిగిందిగా చివరికి," అన్నాడు. "ఆ చప్పట్లు విన్నావా?"

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

ఆయన చేతిలోని తాళాలను కండువాతో తుడిచాడు.

"వరండాలోకి తీసుకెళ్ళిన రోజు నుంచేనా?"

"తర్వాత బృందాన్ని నాకు అప్పజెప్తానన్నారే. చిన్న మేష్టారు అని పిలిపిస్తానన్నారు. నాకొచ్చిందంటే నీకొచ్చినట్టు కాదా? అప్పుడు నీకు కావలసిన వేషం నేనే ఇచ్చేవాణ్ణి."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే నువ్వు ఒప్పుకోవు."

"అదేగా మరి."

ఆమె తలలోంచి పూలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతోంది.

"ఇవాళ పొద్దున కూడా వంటింట్లో కాను అనే పాడారు."

"ఊఁ."

"అప్పటికే తెలుసు."

"తెలుసు."

"మరెందుకు పాడారండీ?"

"ఎదురుగా నువ్వున్నావు," అన్నాడాయన. "నోరు రాలేదు."

ఆ మాట దగ్గర ఆమెకు ఏడుపు వచ్చింది. అబద్ధం చెప్పి ఉంటే తిట్టి ఊరుకునేది. అది నిజం. ఎదురుగా ఉంటే నోరు రానివాడు, మధ్యలో ఒక గుడ్డ అడ్డం ఉంటే చాలు, పాడేశాడు.

మేష్టారు సందడిగా లోపలికి వచ్చారు. వెనకే దర్జీ, బట్టలు పోగు చేసుకోవడానికి. "అమ్మాయ్! ఆ ఇద్దరూ ఒకేసారి కనబడడం ఉంది చూశావూ, అద్భుతం! అందరూ అదే అడుగుతున్నారు, ఎలా తట్టింది మేష్టారూ అని. ఇకమీదట ఇలాగే. ఛాయ నీదే. ఏం చిన్న మేష్టారూ, అంతేగా?"

తాళాలాయన ముఖం ఒక్కసారి వెలిగి, భార్య వంక చూసి ఆరిపోయింది.

"వేషం కడతాను మేష్టారూ," అంది బదులమ్మ. "పాడేవాళ్ళని మార్చండి."

"అదేంటి?"

"ఆయన గొంతుకి నేను అడుగు వెయ్యను."

"మొగుడూ పెళ్ళాల గొడవలు ఇంట్లో చూసుకోవాలమ్మా, ఇక్కడా?"

"ఇంట్లో వండి పెడతాను. దానికేం. ఇది మాత్రం నా వల్ల కాదు."

మేష్టారి నవ్వు పోయింది. "ఆయన లేకపోతే పాట లేదు. నువ్వు లేకపోతే... నా కోడలుంది. ఇవాళ తెర వెనక నుంచి నువ్వు చూపించావుగా, నేర్చుకుంటుంది. ఆలోచించుకో."

ఇప్పుడు మాట్లాడాల్సింది తాళాలాయన. నేను తప్పుకుంటాను, ఇంకొకరికి పాట నేర్పుతాను అంటే చాలు. బదులమ్మ ఎదురు చూసింది. దర్జీ కూడా చేతిలో చీర మడత ఆపి ఆయన వంకే చూశాడు. ఆయన తాళాలను కలిపే తాడు ముడి విప్పి, మళ్ళీ ముడి వేశాడు.

"ఆలోచించుకునేదేం లేదు మేష్టారూ," అంది ఆమె. నగలు విప్పి దర్జీ చేతిలో పెట్టింది.

"మాట పడితే దించాం చెల్లెమ్మా. తప్పు చేశామా?" అన్నాడు దర్జీ గొంతు తగ్గించి.

"లేదన్నయ్యా. మీరిద్దరే సరిగ్గా విన్నారు."

బయట ఇంకా ఎండ ఉంది. దుకాణాలవాళ్ళు మధ్యాహ్నం మూసిన తలుపులు తీస్తున్నారు. ఆమె ముందు నడిచింది, ఆయన సంచి మోసుకుంటూ వెనక నడిచాడు. మలుపు దగ్గర బస్సు కోసం ఆగినప్పుడు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"రేపు మాట్లాడతాలే మేష్టారుతో," అన్నాడు.

"ఏమని?"

"అదే. నువ్వన్నది."

"నేనేమన్నానో చెప్పండి ఒకసారి."

ఆయన నోరు తెరిచాడు. ఆమె బస్సు వచ్చే వైపు చూడడం మానేసి ఆయన వైపు తిరిగింది. పెళ్ళయిన ఇన్నాళ్ళలో మొదటిసారి, మొగుడి నోటినుంచి వచ్చే ఒక్కొక్క మాటనూ విడివిడిగా వినడానికి సిద్ధపడింది.